కుంగుబాటు మందు నొప్పికి ఎందుకు?

అమిట్రిప్టిలిన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1961లో కుంగుబాటు చికిత్సకు ఆమోదించింది. ట్రైసైక్లిక్ తరగతికి చెందిన ఈ పాత మందు నేటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. కుంగుబాటుకు కొత్త మందులు వచ్చాక ఆ అవసరానికి దీని వాడకం తగ్గింది. నొప్పి చికిత్సలో మాత్రం దీని స్థానం చెక్కుచెదరలేదు.

నాడీకణాల నుంచి వెలువడిన సెరటోనిన్, నారడ్రినలిన్ రసాయనాలు తిరిగి అదే కణాల్లోకి చేరకుండా ఈ మందు అడ్డుకుంటుంది. మెదడులో ఇది మానసిక స్థితిని మెరుగుపరుస్తుంది. వెన్నుపాములో ఇవే రసాయనాలు పైకి వెళ్లే నొప్పి సంకేతాలను అణచివేస్తాయి. అందుకే కుంగుబాటు లేనివారికీ ఇది నొప్పి తగ్గిస్తుంది.

షుగర్ వ్యాధితో నరాలు దెబ్బతిన్నవారికి రాత్రిపూట అరికాళ్లు మండుతాయి, సూదులు గుచ్చినట్లుంటుంది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. మామూలు నొప్పి మాత్రలకు ఈ బాధ పెద్దగా లొంగదు. అలాంటివారికి వైద్యులు రాత్రివేళ 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరాన్నిబట్టి మోతాదు పెంచుతారు. కుంగుబాటుకైతే సాధారణంగా రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాములు కావాలి. సర్పి తగ్గాక మిగిలే మంటకు, మైగ్రేన్ పదేపదే రాకుండా నివారించడానికి, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లో కడుపునొప్పికి కూడా చిన్న మోతాదులే ఇస్తారు. పక్క తడిపే పిల్లలకు ఇతర పద్ధతులు ఫలించనప్పుడు, నిపుణుల పర్యవేక్షణలో కొద్దికాలం వాడతారు.

ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మగత, బరువు పెరగడం వంటి ఇబ్బందులు రావచ్చు. గుండె లయ లోపాలు, కొన్ని రకాల గ్లకోమా, ప్రొస్టేట్ వాపు ఉన్నవారికి, వృద్ధులకు జాగ్రత్త తప్పనిసరి. మోతాదు మించితే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మాత్రలు పిల్లలకు అందకుండా ఉంచాలి. పాతికేళ్లలోపు వారిలో చికిత్స తొలినాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది, కుటుంబం కనిపెట్టి ఉండాలి.

కాళ్ల మంటకని రాసిన మందు ‘డిప్రెషన్ మాత్ర’ అని ఫోన్‌లో చూసి బెంబేలెత్తి మానేసేవారున్నారు. హఠాత్తుగా ఆపితే వికారం, తలనొప్పి, నిద్రలేమి రావచ్చు. ఏ జబ్బుకు, ఎంత మోతాదులో, ఎన్నాళ్లకని ఇస్తున్నారో చీటీ రాసేటప్పుడే వైద్యులు చెప్పాలి. చెప్పకపోతే రోగి మొహమాటపడకుండా అడగాలి. అడగకుండా మానేయకూడదు, సొంతంగా పెంచుకోకూడదు.