ఆకివీడుకు ఎన్ని జిల్లాలు?

ఆకివీడు ఎక్కడికీ కదల్లేదు. కొల్లేటి అంచునే ఉంది, ఉప్పుటేటి పక్కనే ఉంది. కదిలిందల్లా కలెక్టరు కచేరీ.

1904 దాకా భీమవరం తాలూకా గోదావరి జిల్లాలోది. కలెక్టరు దొర ఉండేది కాకినాడలో. అర్జీ పెట్టుకోవాలంటే గోదావరి పాయలు దాటిపోవాలి. 1904లో గుంటూరు జిల్లాను కొత్తగా కట్టి, ఆ సర్దుబాటులో ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం, యర్నగూడెం తాలూకాలను తీసుకెళ్లి కృష్ణా జిల్లాలో కలిపారు. ఇక బందరుకు నడవండి అన్నారు. తాగేది గోదావరి నీళ్లు, పండించేది ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో, కాగితం మీద రాసుకునేది మాత్రం కృష్ణా జిల్లా! ఇరవై ఒక్క ఏళ్లు ఇలాగే గడిచింది. 1925లో మళ్లీ కోసి పశ్చిమ గోదావరి అన్నారు, ఏలూరును కేంద్రం చేశారు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు వేరే జిల్లా అయింది. పశ్చిమ గోదావరి పేరు భీమవరానికి వెళ్లింది. నూట ఇరవై ఏళ్లలోపు కాకినాడ, బందరు, ఏలూరు, భీమవరం. నాలుగు కచేరీల మెట్లెక్కిన ఊరు ఇది. ఈ నాలుగు సార్లలో ఒక్కసారైనా ఊరి గుమ్మంలోకి వచ్చి మీకేం కావాలని అడిగారా?

అడగడం ఆనవాయితీ కాదు లెండి. ఉత్తర సర్కారులను ఢిల్లీ పాదుషా 1765లో ఫర్మానా రాసి కుంపిణీకి ఇచ్చేశాడు. మరుసటేడు నిజాము ఒడంబడిక రాసుకున్నాడు. అందులో ఏలూరు సర్కారు కూడా ఒకటి. సర్కారు చేతులు మారిందని రైతుకు శిస్తు కట్టేటప్పుడే తెలిసింది. 1794లో కలెక్టర్లను పెట్టిందీ ఆ శిస్తు కోసమే. కలెక్టరు అన్న మాటలోనే ఉంది కదా, వసూలు చేసేవాడని!

నిజం కూడా చెప్పుకోవాలి. గీతలు మార్చిన ప్రతిసారీ అన్యాయమే జరగలేదు. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కరణం గారి అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి అదేం చిన్న సంగతి కాదు. అడంగలు కోసం, కులం సర్టిఫికెట్టు కోసం బస్సెక్కి భీమవరం పోయే బాధ తప్పింది. ఆఫీసు ఊళ్లోకి వచ్చింది. అధికారం కూడా వచ్చిందా అంటే అది వేరే ప్రశ్న. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీరాజ్‌ను ప్రారంభించిన నాటి నుంచి సమితులన్నారు, మండల పరిషత్తులన్నారు, 73వ రాజ్యాంగ సవరణ అన్నారు. బోర్డులు మారాయి. నిధుల తాళం చెవి మాత్రం హైదరాబాదు నుంచి అమరావతికి పోయింది తప్ప మండలానికి రాలేదు.

ఇక 2022 సంగతి. పదమూడు జిల్లాలను ఇరవై ఆరు చేశారు. దేనిని బట్టి? నీటిని బట్టి కాదు, సంతను బట్టి కాదు, చుట్టరికాన్ని బట్టి అంతకన్నా కాదు. లోక్‌సభ నియోజకవర్గాన్ని బట్టి. అరకును మాత్రం రెండు చేశారు. ఎంపీకి ఓట్లేయడానికి డీలిమిటేషన్ కమిషన్ 2008లో గీసిన గీత జిల్లాకు పునాది అయింది. కైకలూరు ఏలూరు లోక్‌సభలో ఉంది కాబట్టి కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు వచ్చింది. ఆకివీడు ఉండి అసెంబ్లీలో, నరసాపురం లోక్‌సభలో ఉంది కాబట్టి ఏలూరు నుంచి విడిపోయింది. జనాభా లెక్కలు వచ్చి, రేపు నియోజకవర్గాలు మళ్లీ మారితే? అప్పుడు జిల్లాలూ మారుస్తారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన పెద్దమనిషి లేడు.

వింత ఇంకోటుంది. జిల్లాలు విడిపోయాయి గానీ జిల్లా పరిషత్తులు విడిపోలేదు. 2021లో ఎన్నికైన పాత పదమూడు పరిషత్తులే కొనసాగాయి. అంటే ఆకివీడు వాళ్లకు కలెక్టరు భీమవరంలో, జడ్పీ ఏలూరులో. కైకలూరు వాళ్లకు కలెక్టరు ఏలూరులో, జడ్పీ బందరులో. మనం ఓటేసి పంపినవాడు ఒక ఊళ్లో, మన మీద పెత్తనం చేసేవాడు ఇంకో ఊళ్లో! నియమించినవాడికి జిల్లా రాత్రికి రాత్రే తయారయింది. ఎన్నికైనవాడికి కాలేదు.

అసలు దెబ్బ తగిలింది కొల్లేటికి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లన్నీ ఆ చెరువులో పడాలి, ఉప్పుటేటి గుండా సముద్రానికి పోవాలి. ఆ ఉప్పుటేరే కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల సరిహద్దు. పాత రోజుల్లో కొల్లేరు ఈ రెండు జిల్లాలదీ అయి ఎవరిదీ కాకుండా పోయింది. 2022లో కైకలూరు, మండవల్లి కూడా ఏలూరు వైపు రావడంతో చెరువు కడుపు చాలావరకు ఒక కలెక్టరు చేతికొచ్చింది. అది మంచిదే. కానీ మూతి ఆకివీడు దగ్గర భీమవరం జిల్లాలో మిగిలింది. 2024 సెప్టెంబరులో ఏమైంది? బుడమేరు గండ్లు పడి బెజవాడ మునిగింది ఎన్టీఆర్ జిల్లాలో. ఆ నీరు వచ్చి పడి లంక గ్రామాలు మునిగింది ఏలూరు జిల్లాలో. అది బయటికి పోవాల్సిన ఉప్పుటేరు పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల మధ్య. ఒకే నీటికి నలుగురు కలెక్టర్లు. ఉప్పుటేటిలో పూడిక తీయాలన్నా, గుర్రపుడెక్క తీయాలన్నా ఫైలు ఎవరి బల్ల మీద మొదలవ్వాలి?

చెరువులో బతికేవాడికైతే ఏ కలెక్టరూ దిక్కు కాదు. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. 2006లో చెరువుల గట్లు పేల్చేశారు. పెద్ద పెట్టుబడిదారుడు బయటపడ్డాడు, సొసైటీ చెరువు మీద ఆధారపడ్డ వడ్డి కులస్థుడు గట్టు మీద మిగిలాడు. 2008లో కాంటూరు మూడుకు తగ్గించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. అందరూ చేతులెత్తారు, గీత అక్కడే ఉంది. జిల్లా గీత ఒక జీవోతో జరుగుతుంది. కాంటూరు గీత అసెంబ్లీ అంతా లేచి నిలబడినా జరగలేదు.

అమెరికాను చూడమని మన పాలకులు తెగ చెబుతుంటారు కదా, చూద్దాం. న్యూయార్క్ రాష్ట్రంలో సఫోక్ అనే కౌంటీ ఉంది. 1683లో పుట్టింది. దాని లోపల పది టౌన్లు. కౌంటీకి సభ ఉంది, దాన్ని జనం ఎన్నుకుంటారు. కౌంటీ పెద్దనూ జనమే ఎన్నుకుంటారు. పైనుంచి బదిలీ మీద వచ్చే కలెక్టరు అక్కడ లేడు. అందులో సౌతాంప్టన్ అనే టౌనులో 1686 నాటి పట్టా ప్రకారం సముద్రపు కయ్యల అడుగు నేల మీద హక్కు ట్రస్టీలది. వాళ్లను టౌను ఓటర్లే ఎన్నుకుంటారు. రాజుగారిచ్చిన పట్టాను మూడు వందల ఏళ్ల పైన నిలబెట్టుకున్నారు. స్థానికుల హక్కని అక్కడి రెడ్ ఇండియన్ల నేల లాక్కుని కట్టినవే ఆ టౌన్లు, అది మరిచిపోకూడదు. అయినా నీటి మీద బతికేవాడి ఓటుకు నీటి మీద మాట చెల్లాలన్న పద్ధతి మాత్రం చూడదగ్గది.

కొత్త రాష్ట్రం కావాలంటే పార్లమెంటు దాకా పోవాలి. కొత్త జిల్లాకు 1974 చట్టం కింద ఒక నోటిఫికేషన్, అభ్యంతరాలకు ముప్ఫై రోజులు చాలు. 2022 జనవరిలో ఆ గడువిచ్చారు. వచ్చిన అభ్యంతరాల్లో దేన్ని ఎందుకు తోసేశారో, దేన్ని ఎందుకు ఒప్పుకున్నారో ఊరూరా గ్రామసభ పెట్టి చదివి వినిపించాలని చట్టంలో రాస్తే పోయేదేముంది? కొల్లేటి చుట్టూ ఉన్న పంచాయతీలు, ఆకివీడు నగర పంచాయతీ, లంక గ్రామాల సొసైటీలు కలిసి ఓటుతో ఎన్నుకునే ఒక బోర్డు పెట్టి, ఉప్పుటేటి పూడిక డబ్బు దాని చేతికివ్వమనండి. ఆ తర్వాత కలెక్టరు ఏలూరులో కూర్చున్నా, భీమవరంలో కూర్చున్నా ఆకివీడుకు అభ్యంతరం లేదు.