చూచివ్రాత చదువు

మన మాధ్యమిక పాఠశాలలలో, అనగా ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు, ఆంగ్లమునకు దినమున కొక గంట చొప్పున వారమంతయు కేటాయింపబడుచున్నది. ఒకనాడు పఠనము, ఒకనాడు పదములు, ఒకనాడు వ్యాకరణము, వారాంతమున రచన. ఈ తీరున కాలపట్టిక గోడమీద ముచ్చటగా వ్రేలాడుచుండును. పట్టికను జూచి మరలిన యధికారికి లోపమేమియు గానరాదు. తరగతిలో గూర్చుండి చూచినవానికి మాత్రము పేరు గొప్ప, ఊరు దిబ్బ యని తోపక మానదు.

పఠనపు గంట యెట్లు నడచుచున్నది? ఉపాధ్యాయుడు ఒక వాక్యము చదువును. పిల్లలందఱు ఏకకంఠమున దానిని తిరిగి యందురు. ఆ కోలాహలములో చదువగలవాడెవడో, ప్రక్కవాని పెదవులను జూచి పలుకువాడెవడో బ్రహ్మకైన దెలియదు. గంట యన్నను 45 నిమిషములే. తరగతిలో 40 మంది యున్నచో, హాజరు పిలుచుటకును పాఠము వివరించుటకును పోగా మిగిలిన కాలమున ఒక్కొక్క బిడ్డకు అరనిమిషమైన దక్కదు. వారమంతయు గడచినను తన కంఠముతో తానొక పుట చదువని బాలుడు సంవత్సరాంతమున ఆంగ్లము నేర్చెనని యెట్లు నమ్ముదుము?

రచన గంట ఇంతకంటె శోచనీయము. నల్లబల్లమీద జవాబు పుట్టును; నోటుపుస్తకములోనికి దిగును; ఎఱ్ఱసిరా గుఱుతు పడును. నిరంతర సమగ్ర మూల్యాంకనమను పద్ధతి వచ్చిన పిమ్మట స్వీయరచనకు మార్కులు గలవని మురిసితిమి. ఆ స్వీయరచనయు గైడునుండి దిగుచున్నది! తన తల్లిని గూర్చి వ్రాయుమన్నచో నలువదిమంది బిడ్డలును ఒకే తల్లిని వర్ణింతురు. అక్షరములు ముత్యములు, అందు బిడ్డ తలపు ఒక్కటియు లేదు. దీనిని వ్రాత యనుట వ్రాత కవమానము.

మెకాలే దొర 1835 లో పాలకులకును పాలితులకును నడుమ దుబాసీలగు నొక వర్గమును గోరెను. ఆ కోరికను మనవారు ఎన్నో యేండ్లు దూషించితిరి, దూషించుట న్యాయమే. కాని నేటి మన యాంగ్లపు గంట దుబాసీలనైనను తయారుచేయుట లేదే! చూచివ్రాయు లేఖకులను మాత్రము తయారుచేయుచున్నది. 2022 వ సంవత్సరపు అసర్ నివేదిక ననుసరించి దేశములోని గ్రామసీమలందు ఎనిమిదవ తరగతి పిల్లలలో సగము మందియైన సులభమగు ఆంగ్ల వాక్యములను చదువజాలకుండిరి. ఇట్టి స్థితిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019 లో ప్రభుత్వ పాఠశాలలను ఆంగ్ల మాధ్యమమునకు మార్చుట కుత్తరువు చేసెను. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. తెలంగాణ ప్రభుత్వము 2022-23 నుండి ఆ త్రోవనే పట్టెను. భాషయే రానప్పుడు ఆ భాషలో గణితమును, శాస్త్రమును, చరిత్రమును చదువుమనుట యెట్టి న్యాయము? ఉట్టి కెక్కలేనమ్మ స్వర్గమున కెక్కునా?

మమ్ము ఆంగ్లద్వేషులనువారు గలరు. కూలిచేసి బిడ్డను బడికి బంపు తల్లి ఆంగ్లము కావలెనన్నచో అది యామె హక్కు. కలవారి బిడ్డలకు ఇంటనే దొరకు విద్యను లేనివారి బిడ్డలకు వలదనుటకు మేమెవ్వరము? ఆ తల్లికి ఆంగ్లమని చెప్పి చూచివ్రాతను అంటగట్టుటయే మోసమని మా వాదము. ఈ మోసమున నష్టపడునది లేనివారి బిడ్డయే. కలవారి బిడ్డకు బడి తప్పినను ఇంట పుస్తకములున్నవి, ట్యూషనున్నది.

తెలుగును త్రోసివేసినచో ఆంగ్లము త్వరగా వచ్చునను భ్రాంతియు విడువవలెను. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర బిడ్డలకు విద్య గఱపదలచినపుడు ముందు తామే సవరభాష నేర్చిరి. ఆ భాషలో వాచకములు వ్రాసిరి. బిడ్డ తెలిసిన భాషలో చదువ నేర్చినచో తెలియని భాషకు దారి దొరకునని ఆ మహనీయు డెఱుగును. తెలుగులో నాలుగు వాక్యములు తనంతట వ్రాయలేని బాలుడు ఆంగ్లములో వ్రాయుట కల్ల.

ఉపాధ్యాయుని దూషించి చేతులు దులుపుకొనుట సులభము. లెక్క చూడుడు. నాలుగు తరగతులు బోధించువానికి 160 నోటుపుస్తకములు. ఒక్కొక్కదానికి 3 నిమిషములన్నను 480 నిమిషములు, అనగా ప్రతివారము ఎనిమిది గంటలు దిద్దుటకే కావలెను. ఆ కాలము నాతనికి ఎవ్వరిచ్చిరి? ఇచ్చినవి జాబితాలు, నివేదికలు, సెల్‌ఫోనులో నింపవలసిన పట్టికలు. కాలమీయక ఫలము నడుగు ప్రభుత్వమునకు ఎఱ్ఱసిరా గుఱుతులే ఫలము.

మేము కోరునది అత్యల్పము. వారమునకు ఒక్క పుట, పిల్లలు మున్నెన్నడు చూడనిది, మౌనముగా ఎవరికి వారు చదువవలెను. భావమును తెలుగులోనైనను చెప్పవలెను. వారమునకు ఒక్క పేరా, అయిదాఱు వాక్యములు, తమ యింటిని, తమ వీథిని, తమ సంతను గూర్చి తప్పులతోనైన సరే, తామే వ్రాయవలెను. వారమున కొక తరగతి చొప్పున దిద్దినచో ఉపాధ్యాయునకు రెండు గంటలు చాలును. దిద్దినదానిని బాలుడు తిరిగి వ్రాయవలెను. ఆ రెండు గంటలను కాలపట్టికలోనే చేర్చి, పట్టికలు నింపు చాకిరి నుండి ప్రభుత్వ మాతనిని విడిపింపవలెను. తప్పులేని చూచివ్రాతకంటె తప్పులుగల సొంత వాక్యమునకు మార్కులెక్కువ యుండవలెను.

పఠనమందిరములలో కూర్చుండి మా పత్రికను జదువు సోదరులారా! 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నెలకొల్పినవారు ప్రభుత్వముకొఱకు కాచుకొని యుండలేదు. మీ పేటలోని బిడ్డ నొక్కనిని రేపు పిలిచి, నోటుపుస్తకము మూసి, తాను నిన్న చేసినదానిని నాలుగు వాక్యములలో వ్రాయుమనుడు. వ్రాసెనా, ఆ పాఠశాలకు నమస్కరింపుడు. వ్రాయలేక మీ మొగము చూచెనా, ఆ తప్పు బిడ్డది గాదు. ఇన్నాళ్లు నోటుపుస్తకములోని ఎఱ్ఱగుఱుతులను జూచి తృప్తిపడిన మనది.