ఖాళీ ప్రోగ్రామ్‌లోనూ వందల నియమాలు

ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం బిలాస్‌పూర్. అక్కడ స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలకు ఒక సంగతి బాగా తెలుసు. దేశమంతటికీ జనరల్ రూల్స్, జోన్‌కు సబ్సిడరీ రూల్స్, ఒక్కో స్టేషన్‌కు విడిగా వర్కింగ్ రూల్స్ ఉంటాయి. బండి కదలకముందే అవన్నీ అమల్లో ఉంటాయి.

సీ భాషలో రాసే ప్రోగ్రామ్‌దీ అదే తీరు. ఒక పేరు కనిపిస్తే దాని స్థానంలో ఫలానా పాఠం పెట్టమని చెప్పే నిర్వచనమే మాక్రో. ప్రోగ్రామర్ రాసిన మొదటి వరుసను చదవకముందే కంపైలర్ దగ్గర ఇలాంటివి వందల సంఖ్యలో సిద్ధంగా ఉంటాయి. వీటిని వెతుకుతూ విద్యార్థులు హెడర్ ఫైళ్లన్నీ తిరగేస్తారు. చాలావరకు అక్కడ దొరకవు. ఎందుకంటే అవి కంపైలర్‌లోనే ఉంటాయి.

జీసీసీ కంపైలర్‌నే తీసుకుంటే, భాషా ప్రమాణం కోరే మాక్రోలు అన్ని యంత్రాలకూ ఉమ్మడి. ప్రాసెసర్‌ను తెలిపేవి ఆ ప్రాసెసర్ కోసం రాసిన భాగం నుంచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలిపేవి దాని భాగం నుంచి వస్తాయి. కొన్నింటిని మాత్రం సీ లైబ్రరీ ఒక చిన్న హెడర్ ద్వారా అందిస్తుంది. 4.8 వెర్షన్ నుంచి జీసీసీ ఆ హెడర్‌ను అడగకుండానే చేర్చుకుంటోంది.

ఇది తెలియకపోతే నష్టమేమిటి? లైనక్స్ యంత్రంపై జీసీసీ మామూలు అమరికలో ‘లైనక్స్’ అనే పేరుకు 1 అని అర్థం. ఎవరైనా తమ వేరియబుల్‌కు ఆ పేరు పెడితే, తప్పేమీ కనిపించని వరుసలో ఎర్రర్ వస్తుంది. ప్రమాణాన్ని కచ్చితంగా పాటించే అమరికకు మారితే అదే వరుస సాఫీగా నడుస్తుంది. ఇంకో చిక్కు ‘చార్’ రకానిది. ల్యాప్‌టాప్‌లలోని ఇంటెల్ ప్రాసెసర్లపై అది రుణ సంఖ్యలనూ దాచగలదు. లైనక్స్ నడిచే ఆర్మ్ బోర్డుపై సాధారణంగా దాచలేదు. అంటే ల్యాప్‌టాప్‌లో సరైన జవాబిచ్చిన కోడ్ బోర్డు మీద తప్పు జవాబు ఇవ్వవచ్చు, అదీ ఏ ఎర్రరూ చూపకుండా. ఆ తేడాను ముందే చెప్పే మాక్రో ఒకటి ఉంది. చూసేవారే తక్కువ.

చూడడం కష్టమేమీ కాదు. ప్రీప్రాసెసింగ్‌తో ఆగిపొమ్మనే పెద్ద ‘ఈ’, నిర్వచనాలు చూపమనే ‘డీఎమ్’ అనే రెండు ఆప్షన్లు చాలు. రెండో దానిలో డీ చిన్నక్షరం, ఎమ్ పెద్దక్షరం. రెండింటి ముందూ హైఫన్ పెట్టి, ఖాళీ సీ ఫైల్ ఇస్తే జాబితా అంతా తెరపైకి వస్తుంది. ప్రాసెసర్ ఆప్షన్ మార్చి మళ్లీ అడిగితే జాబితా కూడా మారుతుంది.

మాక్రోల పట్టికలను బట్టీ పట్టించడం కన్నా, సీ ల్యాబ్ మొదటి వారంలోనే విద్యార్థుల చేత ఈ ఒక్క ప్రయోగం చేయించడం మేలు. ఎక్కడో అచ్చయిన పట్టిక వేరే యంత్రానిది కావచ్చు. ఎదురుగా ఉన్న కంపైలర్ మాత్రం ఇప్పుడు, ఈ యంత్రంపై ఏది అమల్లో ఉందో అదే చెబుతుంది.