విశ్రాంతి దినం కాదది, గాలి ఒంటబట్టే రోజు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉదయపు నడక నాకు ఉద్యోగ విరమణ నాటి నుండి అలవాటు. ఆర్ట్స్ కళాశాల మెట్ల మీద, వీపున బరువైన సంచీతో ఎక్కుతూ దిగుతూ ఉండే యువతీయువకులు అప్పుడప్పుడు కనబడుతుంటారు. ఎందుకీ ప్రయాస అని అడిగితే "హిమాలయాలకు వెళ్తున్నాం సార్" అంటారు. విన్నప్పుడల్లా ముచ్చట వేస్తుంది. కుర్చీ దిగని తరమని మనం ఆడిపోసుకునే పిల్లలే కదా వీరు! అయితే మొన్న జరిగిన ఒక సంభాషణతో ఆ ముచ్చట కాస్తా బెంగగా మారింది.

నా పూర్వ విద్యార్థి ఒకరు తార్నాకలో ఉంటారు. ఆయన కుమారుడు మరో ఏడుగురు మిత్రులతో కలిసి ఎవరెస్టు బేస్ క్యాంపుకు నడిచి వెళ్ళే సన్నాహంలో ఉన్నాడు. "సార్, మీరొక్కసారి చెప్పండి, నా మాట వినడు" అంటూ తండ్రి అతణ్ణి మా ఇంటికి వెంటబెట్టుకొని వచ్చారు. సంగతేమిటంటే, నిర్వాహకులు ఇచ్చిన ప్రణాళికలో రెండు విశ్రాంతి దినాలున్నాయి. నామ్చే బజారులో ఒకటి, దింగ్‌బోచేలో ఒకటి. రెండవదానిని తీసివేయమని మిత్రబృందం కోరిందట. నిర్వాహకులు మారుమాటాడకుండా ఒప్పుకున్నారట. "ఒక రోజు సెలవు మిగులుతుంది సార్. అక్కడ చేసేదేమీ లేదు, ఖాళీగా కూర్చోవడమే" అన్నాడు కుర్రవాడు.

ఈ "ఖాళీ" అన్న మాట మీదనే నా తగవు.

తప్పు కొంత భాషది. ‘శ్రమ్’ ధాతువుకు ‘వి’ అనే ఉపసర్గ చేరితే విశ్రాంతి. శ్రమ తొలగడమని అర్థం. కాని ఆ రోజున విశ్రాంతి కాళ్ళకు మాత్రమే. దేహంలోని తక్కిన అవయవాలకు అది గొప్ప పనిదినం. గాలిలో ప్రాణవాయువు పాలు ఎంత ఎత్తుకు పోయినా నూటికి సుమారు 21 వంతులే. తగ్గేది గాలి పీడనం. 5,364 మీటర్ల ఎత్తున ఉన్న బేస్ క్యాంపులో ఒక్కొక్క శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో ఇంచుమించు సగం. ఆ లోటు తీర్చుకొనడానికి దేహం వేగంగా శ్వాసిస్తుంది. దానితో బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోయి నెత్తురులో క్షారగుణం పెరుగుతుంది. దానిని మూత్రపిండాలు మెల్లమెల్లగా సరిదిద్దాలి. అది గంటలతో తేలే పని కాదు, రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాలు పెరగడానికైతే వారాలే కావాలి.

కొత్త ఊరికి బదిలీ అయినవాణ్ణి "అక్కడి నీళ్ళు పడ్డాయా?" అని పలకరించడం మన ఆచారం. నీళ్ళు పడటానికి వారం పదిరోజులు గడువిచ్చే మనం, గాలి పడటానికి ఒక్క రోజు ఇవ్వలేమా? అందుచేత విశ్రాంతి దినమన్న మాట మానివేసి, ‘గాలి ఒంటబట్టే రోజు’ అనమని నా మనవి. పేరు మారితే దానిని కోసివేయడానికి చేయి కొంత వెనకాడుతుంది.

ఇక లెక్క చూద్దాం. 3,000 మీటర్లు దాటిన తర్వాత, ఏ రాత్రి పడుకునే చోటూ ముందురాత్రి పడుకున్న చోటుకంటె 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెరగని రోజు ఒకటి ఉండాలని పర్వతారోహణ వైద్యులు చెబుతారు. తెంగ్‌బోచే 3,860 మీటర్లు, దింగ్‌బోచే 4,410, లోబుచే 4,940. మొదటి అంగలో 550, రెండవ అంగలో 530. రెండూ హద్దు దాటినవే. ఆ రెండింటి నడుమ నిలిచి అప్పు తీర్చే రోజునే వీరు కొట్టివేశారు! పైగా ఆ రోజున ఎవరూ ముసుగుతన్ని పడుకోరు. పగలు పక్కనున్న కొండ మీదికి కొంత దూరం ఎక్కి, రాత్రికి మళ్ళీ కిందికి దిగి నిద్రిస్తారు.

"మేము యువకులం, రోజూ పరుగెత్తుతున్నాం" అన్నది కుర్రవాడి వాదం. సరిగ్గా ఇక్కడే మోసం ఉన్నది. దింగ్‌బోచే పొరుగునే ఫెరిచే అనే ఊరున్నది. ఆ ఊరి మీదుగా బేస్ క్యాంపుకు వెళ్ళిన 278 మంది పాదచారులను పరిశీలించి, హాకెట్, రెన్నీ అనే వైద్యులు తమ సహచరునితో కలిసి 1976లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. నూటికి 53 మందికి ఎత్తు జబ్బు లక్షణాలు కనిపించాయి. ఎవరిలో ఎక్కువ? వయసులో చిన్నవారిలో, విమానంలో దిగి నడక మొదలుపెట్టినవారిలో, వేగంగా ఎక్కినవారిలో, దారిలో తక్కువ రాత్రులు ఆగినవారిలో! ఆర్ట్స్ కళాశాల మెట్లు కాళ్ళకు బలమివ్వగలవు. కాని 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్న మన హైదరాబాదులో ఎన్ని మెట్లెక్కినా పల్చని గాలి ఒంటబట్టదు.

మాత్ర ఉన్నది కదా అంటారు. డయామాక్స్ దేహపు సర్దుబాటును కొంత త్వరపరుస్తుంది. వైద్యుని సలహాతో వాడవచ్చు. కాని అది సహాయకుడే, ఆ రోజుకు ప్రత్యామ్నాయం కాదు. షెర్పాలు ఆగరు కదా అంటారు. తరతరాలుగా ఆ ఎత్తున పుట్టి పెరిగిన వారితో మనకు పోటీయా? అన్నిటికీ మాలావత్ పూర్ణను ఉదాహరణ చూపుతారు. మంచిదే, చూద్దాం. 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో, ఆ గురుకుల విద్యార్థిని సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో పాటు ఎవరెస్టు శిఖరం చేరింది. శిఖరం మీద జెండా పట్టుకున్న చిత్రాన్ని అందరం చూశాం. ఆ యాత్ర సుమారు 52 రోజులు సాగిందన్నది ఎందరికి గుర్తున్నది? భువనగిరి బండల మీద మొదలైన శిక్షణను ఎందరు లెక్కిస్తున్నారు?

ఇంత చెప్పిన తర్వాత కుర్రవాడు కొంతసేపు మౌనంగా ఉండి, ఒక సంగతి బయటపెట్టాడు. నిరుడు లేహ్ వెళ్ళినప్పుడు రెండు రాత్రులు అతనికి విపరీతమైన తలనొప్పి, వాంతులు. ఎవరికీ చెప్పలేదట. "నా వల్ల అందరూ ఆగిపోతారని చెప్పలేదు సార్." ఆ మాట విని తండ్రి ముఖం పాలిపోయింది.

చదువరులారా, నా అసలు ఫిర్యాదు ఇదే. ఆ రోజు ప్రణాళికలోనే ఉంటే, నలతగా ఉన్నవాడు సిగ్గుపడకుండా నలతగా ఉండవచ్చు. ఎవరి సెలవూ వాడివల్ల పోదు. ఆ రోజును తీసివేస్తే, తలనొప్పి అని చెప్పడమే తోటివారికి చేసే ద్రోహమవుతుంది. వాడు నోరు మూసుకొని ఇంకో 500 మీటర్లు ఎక్కుతాడు. తలనొప్పితో మొదలైనది మెదడు వాపుగానో, ఊపిరితిత్తులలో నీరు చేరడంగానో పరిణమిస్తే ప్రాణం మీదికే వస్తుంది.

ఈ సంగతి నాకు తరగతి గది నేర్పింది. ఒక ఏడాది పాఠ్యాంశాలు పూర్తి చేసే తొందరలో పునశ్చరణ వారాన్ని నేనే ఎత్తివేశాను. చురుకైనవారికి నష్టం లేకపోయింది. అర్థం కాలేదని ఎన్నడూ లేచి చెప్పని వెనుక బల్ల పిల్లవాడు ఒకడు పరీక్ష తప్పాడు. "ఆ వారంలో అడుగుదామనుకున్నాను సార్" అన్నాడు తర్వాత. వాడు మరుసటి ఏడు మళ్ళీ రాసి గట్టెక్కాడు. కొండ మీద సప్లిమెంటరీ పరీక్షలుండవు.

కనుక నిర్వాహకులకు నా మాట: కొనేవాడు అడిగినంతమాత్రాన ఆ రోజును బేరానికి పెట్టకండి. తల్లిదండ్రులకు నా మాట: ఎంత ఖర్చని అడిగే ముందు, ఏ రాత్రి ఏ ఎత్తున నిద్ర అని అడగండి. పిల్లలకు నా మాట: తలనొప్పి వస్తే దాచకండి, తగ్గకుండా పైకి పోకండి, ముదిరితే రాత్రి అని చూడక కిందికి దిగండి.

కుర్రవాడు వెళ్ళే ముందు, ఈ విషయం మళ్ళీ మిత్రుల ముందు పెడతానన్నాడు. లేహ్ సంగతి కూడా వారికి చెప్పమన్నాను. చెబుతానన్నాడు.