పందుల కాపరికో న్యాయం... రాజుకో న్యాయమా?

1077 జనవరి. ఉత్తర ఇటలీలోని కనోసా కోట. చుట్టూ మంచు. కోట తలుపు ముందు ఒక మనిషి ముతక ఉన్ని బట్టలతో, కాళ్లకు చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. తలుపు తెరుచుకోలేదు. అతడు బిచ్చగాడు కాదు... జర్మనీ రాజు నాలుగో హెన్రీ! లోపల ఉన్నది పోప్ ఏడో గ్రెగరీ.

అంతటి రాజుకు ఎందుకా అవస్థ?

గొడవ బిషప్పుల నియామకం దగ్గర మొదలైంది. అప్పట్లో బిషప్ అంటే మతగురువు మాత్రమే కాదు. భూములు, పన్నులు, సైనికులు ఆయన చేతిలో ఉండేవి. అందుకే రాజులు తమ మనుషుల్నే ఆ పీఠాలమీద కూర్చోబెట్టేవారు. ఇక కుదరదన్నాడు గ్రెగరీ. నువ్వే గద్దె దిగమని 1076 జనవరిలో హెన్రీ కబురంపాడు. మరుసటి నెలలోనే పోప్ అతణ్ని వెలివేశాడు. రాజుకు విధేయులమంటూ జనం చేసిన ప్రమాణాలు కూడా చెల్లవన్నాడు. రాజంటే గిట్టని జర్మన్ ప్రభువులకు అంతకన్నా ఏం కావాలి? ఏడాదిలోగా వెలి తొలగించుకోకపోతే నువ్వు మాకు రాజువే కాదన్నారు. ఇక చేసేదిలేక భార్యనూ, పసివాడైన కొడుకునూ వెంటబెట్టుకుని నడి చలికాలంలో ఆల్ప్స్ పర్వతాలు దాటి వచ్చాడు హెన్రీ. కోట యజమానురాలు మటిల్డా మధ్యవర్తిత్వం చేసింది. మూడు రోజుల తర్వాత తలుపు తెరుచుకుంది. పోప్ క్షమించాడు.

కథ అక్కడితో కంచికి చేరలేదు. మార్చిలోనే ప్రభువులు ఇంకో రాజును ఎన్నుకున్నారు. యుద్ధం రేగింది. 1084లో హెన్రీ రోమ్‌నే పట్టుకున్నాడు. మరుసటి ఏడాది గ్రెగరీ ఆ నగరానికి దూరంగా కన్నుమూశాడు.

కత్తులతోపాటు కలాలూ కదిలాయి. ప్రజలు చేసిన ప్రమాణాన్ని పోప్ ఎలా రద్దు చేస్తాడని రాజు పక్షం నిలదీసింది. 1085 ప్రాంతంలో పోప్ తరఫున జవాబు రాసినవాడు మానెగోల్డ్ అనే సన్యాసి. ఆయన చెప్పిన పోలిక వింటే నవ్వొస్తుంది. ఒక ఆసామి పందుల్ని మేపడానికి కూలికి మనిషిని పెట్టుకున్నాడు. వాడు వాటిని మేపకుండా దొంగిలిస్తే, చంపితే, పోగొడితే ఆసామి ఏం చేస్తాడు? కూలి ఎగ్గొట్టి తరిమేస్తాడు. రాజు సంగతీ అంతేనట! రాజు అన్నది పుట్టుకతో వచ్చే గుణం కాదు, ఒక ఉద్యోగం పేరు. దుర్మార్గుల నుంచి కాపాడతాడని జనం అతణ్ని పైకెత్తారు. అతడే దుర్మార్గుడైతే ఒప్పందం తెగినట్టే.

మానెగోల్డ్ ఇదంతా పోప్‌ను సమర్థించడానికే రాశాడు. కానీ పాలకుడికీ హద్దులుంటాయన్న ఆలోచన ఒకరి పక్షానే ఉండిపోలేదు. 1215లో ఇంగ్లండ్ ప్రభువులు జాన్ రాజు చేత మాగ్నా కార్టా ఒప్పించుకున్నారు. రాజు మాట తప్పితే కోటలూ భూములూ స్వాధీనం చేసుకునే అధికారం 25 మంది ప్రభువులకు ఇచ్చారు. దాన్ని చెల్లదన్నది ఎవరో తెలుసా? అప్పటి పోప్ మూడో ఇన్నోసెంట్!

1324లో పాడువా పట్టణానికి చెందిన మార్సిలియస్ పారిస్‌లో 'శాంతి రక్షకుడు' అనే గ్రంథం ముగించాడు. చట్టం చేసే హక్కు పౌరులందరిదీ, లేదా వారిలో ప్రధానమైన భాగానిదీ అన్నాడు. ఆ పౌరుల్లో స్త్రీలకూ, బానిసలకూ చోటు లేదనుకోండి. మనుషుల్ని బలవంతంగా లొంగదీసే అధికారం మాత్రం పోప్‌కు లేదని తేల్చేశాడు. పుస్తకం రాసింది తనేనని బయటపడ్డాక పారిస్ వదిలి పారిపోయి, పోప్‌తో తగవులో ఉన్న రాజు దగ్గర తలదాచుకున్నాడు. రాజును కట్టడి చేయడానికి పోప్ మనిషి మొదలుపెట్టిన వాదన... చివరికి పోప్ గుమ్మం ముందుకే వచ్చి నిలబడింది.

తలవంచి క్షమాపణ అడగడాన్ని జర్మన్లు ఇప్పటికీ 'కనోసాకు వెళ్లడం' అంటారు. మంచులో నిలబడ్డ రాజు అలా నానుడిగా మిగిలాడు. పందుల కాపరి కథ చెప్పిన సన్యాసి పేరు మాత్రం చాలామందికి తెలియదు.