సావిత్రి అన్న పేరు

హైదరాబాదులోని యూసుఫ్‌గూడ చలనచిత్ర పరిశ్రమకు పొరుగు సీమ. ఒక ప్రక్క సారథి స్టూడియో, మరొక ప్రక్క జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్. చెంతనే, వేషాల కోసం వచ్చినవారు అద్దె గదులలో అవకాశానికై ఎదురుచూసే కృష్ణానగర్. ఈ వీధులలో పేరు మార్చుకోవడం వింత కాదు. చిత్రసీమ మద్రాసులో ఉన్ననాటి నుంచే ఆ ఆచారం ఉంది. లలితారాణి జయప్రద అయింది. సుజాత జయసుధ అయింది. అటువంటి లోకంలో గుంటూరు జిల్లా చిర్రావూరు నుంచి వెళ్లిన ఒక బాలిక, చిన్ననాటి పేరుతోనే తెరకెక్కి మహానటి అనిపించుకుంది. ఆ పేరు సావిత్రి.

నేడు ఆ పేరు తరగతి గదులలో అరుదుగా వినిపిస్తుంది. అమ్మమ్మల పేరని, పాతకాలపు పేరని పెదవి విరిచేవారు ఉన్నారు. ఆమె జీవితం ఆధారంగా 2018లో వచ్చిన ‘మహానటి’ చిత్రం యువతరానికి ఆ పేరును మళ్లీ పరిచయం చేసింది. అయితే పేరు తెలియడం వేరు, దాని అర్థం తెలియడం వేరు. అర్థం తెలిసినవారెవరూ దానిని పాతబడిన పేరు అనలేరు.

సంస్కృతంలో ‘సూ’ ధాతువుకు ప్రేరేపించడం, పుట్టించడం అని అర్థాలు. లోకాన్ని మేల్కొలిపి పనికి పురికొల్పేవాడు కనుక సూర్యుడు ‘సవిత’ అయినాడు. సవితకు సంబంధించినది సావిత్రి. ఋగ్వేదం మూడవ మండలంలోని గాయత్రీ మంత్రానికి దేవత సవిత. అందుచేతనే ఆ మంత్రానికి సావిత్రి అన్న పేరు కూడా ఉంది. బుద్ధిని ప్రేరేపించుమని వేడుకోవడం ఆ మంత్రసారం. అంటే ఈ పేరు పుట్టుకలోనే వెలుగు ఉంది, బుద్ధి ఉంది.

మహాభారతంలోని అరణ్యపర్వం ఈ పేరుకు ఒక కథను ఇచ్చింది. నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన ఆ కథను తెలుగువారికి అందించాడు. మద్రదేశపు రాజు అశ్వపతి సంతానం లేక సావిత్రీదేవిని పద్దెనిమిదేళ్లు ఆరాధించాడు. అతడు కోరింది కొడుకులను. దేవి అనుగ్రహించింది తేజస్విని అయిన కూతురిని. పైగా ఈ వరానికి బదులు పలుకవద్దని ఆజ్ఞాపించింది. రాజు నిట్టూర్చలేదు. వరమిచ్చిన దేవత పేరునే బిడ్డకు పెట్టుకున్నాడు.

ఆ బిడ్డ పెరిగి, తండ్రి అనుమతితో తానే దేశాలు తిరిగి వరుని ఎన్నుకొంది. సత్యవంతుని ఆయువు ఒక్క ఏడాదేనని నారదుడు హెచ్చరించినా తన నిర్ణయాన్ని మార్చుకోలేదు. యముని వెంట నడిచినప్పుడు ఆమె చేతిలో ఆయుధం లేదు, కంట దైన్యం లేదు. ఉన్నది ధర్మాన్ని ఎరిగిన మాట. ఆ మాటలకు మెచ్చి యముడు వరాలిచ్చాడు. మామగారికి చూపు, రాజ్యం తిరిగి వచ్చాయి. తన తండ్రికి నూరుగురు కొడుకులు కలగాలని కూడా ఆమె కోరింది. కొడుకులను ఆశించిన తండ్రికి ఆ వరాన్ని సైతం తెచ్చి ఇచ్చింది కూతురే! ఈ విశేషం చాలామంది గమనించరు.

కాలక్రమంలో ఈ కథ నుంచి లోకం ‘సతి’ అన్న ఒక్క మాటనే ఎక్కువగా పట్టుకుంది. 1933లోనే చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో తెలుగు తెరకెక్కిన ఈ కథ ‘సతీసావిత్రి’గానే ఇంటింటా స్థిరపడింది. చివరకు ‘పెద్ద సతీసావిత్రి’ అన్నది స్త్రీలను ఎత్తిపొడిచే మాట కూడా అయింది. భర్త కోసమే బ్రతికిన స్త్రీ పేరు నేటి ఆడపిల్లకు ఎందుకని ప్రశ్నించేవారి సందేహం ఇక్కడి నుంచే పుట్టింది. ఆ సందేహం అకారణమైనది కాదు. కాని లోపం పేరుది కాదు, దానిని కుదించిన వారిది. ఎన్నుకొనే స్వేచ్ఛ, నిలబడే ధైర్యం, వాదించి గెలిచే ప్రజ్ఞ ఈ మూడింటినీ తొలగించి, పాతివ్రత్యాన్ని మాత్రమే మిగిల్చితే కథ సగమైపోతుంది.

ఆ మిగిలిన సగాన్ని చరిత్రలో కొందరు సావిత్రులు పూరించారు. 1831లో మహారాష్ట్రలోని సతారా జిల్లా నాయగావ్‌లో జన్మించిన సావిత్రీబాయి ఫూలే, 1848లో పుణేలో భర్త జ్యోతీరావుతో కలిసి బాలికల పాఠశాలను ప్రారంభించింది. నటి సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రానికి దర్శకత్వం వహించి, సంగీత బాధ్యతను గాయని పి. లీలకు అప్పగించింది. స్త్రీలకు తలుపులు తెరవని చోట్ల వీరు తలుపులు తెరిచారు.

అదే సతారా జిల్లాలో 2011లో మరొక సంఘటన జరిగింది. కొడుకు పుట్టలేదన్న నిరాశతో తల్లిదండ్రులు ‘నకూసా’ అని, అంటే ‘అక్కరలేనిది’ అని పేరు పెట్టిన 285 మంది బాలికలకు ప్రభుత్వ అధికారులు ఒక కార్యక్రమంలో కొత్త పేర్లు ఇచ్చారు. ప్రతిరోజూ పిలుపులోనే తిరస్కారం విన్న ఆ బాలికలకు పేరు మార్పు అలంకారం కాదు, ఆత్మగౌరవం. తెరమీది మెరుపు కోసం మార్చుకొనే పేరుకు, గాయాన్ని మాన్పుకోవడానికి మార్చుకొనే పేరుకు మధ్య ఉన్న దూరం ఇక్కడ స్పష్టమవుతుంది.

పేరు బిడ్డకు కుటుంబం ఇచ్చే తొలి మాట. ‘నీవు మాకు కావాలి’ అనో, ‘నీవు మాకు అక్కరలేదు’ అనో ఆ మాట చెబుతుంది. కొడుకు కావాలని అడిగి, కూతురు పుడితే దేవత పేరు పెట్టి తలెత్తుకున్న తండ్రి కథ సావిత్రి అన్న పేరులో దాగి ఉంది. లింగనిర్ధారణ పరీక్షలను దుర్వినియోగం చేయకుండా 1994లో చట్టం చేయవలసి వచ్చిన దేశంలో ఆ కథకు కాలం చెల్లలేదు. అందరూ తమ కూతుళ్లకు సావిత్రి అనే పేరు పెట్టనవసరం లేదు. ఏ పేరు పెట్టినా, అశ్వపతి పెట్టినంత ఆనందంతో పెడితే చాలు.