బాల్కనీకి అరుగే అందం
హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ మేడ్చల్, శామీర్‌పేటల్లో లేస్తున్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి బాల్కనీ నాలుగైదడుగులకు మించదు. అందులో సోఫా, గాజు బల్ల ఇరికిస్తే మనిషి నిలబడే చోటేది? మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చవక ప్లాస్టిక్ పెళుసెక్కి విరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జల్లు కొడుతుంది. ఇనుము తుప్పు పడుతుంది, స్పాంజి దిండ్లు ముక్క వాసనొస్తాయి. నన్నడిగితే, గోడవారగా రెండు పొట్టి ఇటుక దిమ్మెల మీద సన్నటి తాండూరు బండ పరవండి. మన ఊరి అరుగే అది! వికారాబాద్ జిల్లా నుంచి వచ్చే ఆ నాపరాయి తుప్పు పట్టదు, చెదలెక్కదు. మధ్యాహ్నం కాలుతుంది, నిజమే. సాయంత్రం చెంబెడు నీళ్లు చల్లితే హాయిగా కూర్చోవచ్చు. చుట్టాలొస్తే మడత కుర్చీలు చాలు. ఏది కొన్నా ముందు టేపుతో కొలవండి, తలుపు పూర్తిగా తెరుచుకోవాలి.